షెడ్లకి నీళ్ళు అడిగితే స్థలం కాగితాలు అడిగారు: నా అనుభవం

బెంగళూరులో వర్తూరు వైపు మా అపార్ట్‌మెంట్ వెనకాల రేకుల షెడ్లున్నాయి, ఉండేదంతా కదిరి, మదనపల్లె వైపు నుంచి బిల్డింగ్ పనులకొచ్చిన మనోళ్ళే. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి సిటీ అల్లాడినప్పుడు మేం తలా ఇంత వేసుకుని ట్యాంకర్లు తెప్పించుకున్నాం, వాళ్ళేమో బిందె ఐదు రూపాయలకి కొనుక్కున్నారు. బిందెకి పదిహేను లీటర్లు, అంటే వెయ్యి లీటర్లకి 330 పైనే. అదే నెలలో జిల్లా యంత్రాంగం ఫిక్స్ చేసిన ట్యాంకర్ రేటు 5 కిలోమీటర్ల లోపు 6000 లీటర్లకి 600, అంటే వెయ్యికి వంద. కూలోళ్ళు మనకన్నా మూడింతలు ఎక్కువ పెట్టి నీళ్ళు తాగడమేంటండీ, ఎంత అన్యాయం!

కన్నడ బాగా వచ్చిన ఫ్రెండ్‌తో షెడ్లకి నీళ్ళివ్వమని అర్జీ రాయించి ఆఫీసుకెళ్ళాం. 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ నీళ్ళని మానవ హక్కుగా గుర్తించింది, మన దేశం కూడా అనుకూలంగానే ఓటేసింది, అదంతా అందులో ఉంది. అక్కడి అధికారి చదివి అడిగింది ఒక్కటే, "స్థలం ఎవరిది, కాగితాలున్నాయా?" అక్కడే ఆగిపోయింది పని.

తర్వాత షెడ్లలో ఉండే ఒక అక్క, "అన్నా, మేం రోజుకెన్ని బిందెలు తెచ్చుకుంటామో చూపిస్తే?" అంది. ఆ వారమంతా ఆడోళ్ళు బిందె దించగానే రేకు మీద బొగ్గుతో ఒక గీత గీసేవాళ్ళు, సాయంత్రం బడి నుంచొచ్చిన పిల్లలు అవి లెక్కపెట్టి నోట్‌బుక్‌లో ఎక్కించేవాళ్ళు. ఐదుగురున్న ఇంటికి రోజుకి నాలుగు బిందెలు, తాగడం వండుకోవడం స్నానాలు బట్టలు అన్నీ అందులోనే, అంటే మనిషికి 12 లీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్పేది 50 నుంచి 100. ఆ పేజీలన్నీ జిరాక్స్ తీసి కొత్త అర్జీకి పిన్ చేశాం.

స్థలం ప్రశ్నకి జవాబు ముంబైలో దొరికింది. నీటి హక్కు కోసం పనిచేసే పానీ హక్ సమితి వేసిన కేసులో 2014 డిసెంబర్‌లో బాంబే హైకోర్టు చెప్పింది ఇదే, గుడిసె అక్రమమైనా అందులో ఉండే మనిషికి నీళ్ళు కాదనకూడదు, నీళ్ళిచ్చినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదు. అది కర్ణాటక కోర్టు కాదు నిజమే, కానీ రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే ఆర్టికల్ 21 అందరికీ ఒకటే కదా. ఈసారి స్థలం ఊసే ఎత్తకుండా నీళ్ళే అడిగాం, దాంతోపాటు ముందు అర్జీ ఏమైందని ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) కూడా వేశాం. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు, కర్ణాటకలో 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం అడగాలి, అది చూసుకోండి.

ఆర్టీఐ పడ్డాకే ఫైల్ కదిలింది, ఇంజినీర్ వచ్చి గీతలున్న రేకు ఫోటో తీసుకెళ్ళాడు. ఇప్పుడొక సింటెక్స్ ట్యాంకు, దానికి నాలుగు కుళాయిలు, రోజు మార్చి రోజు నింపుతున్నారు, డబ్బులు తీసుకోవట్లేదు. అవి బోరు నీళ్ళు కాబట్టి టెస్ట్ రిపోర్టు ఇవ్వమని ఇంకో ఆర్టీఐ పెట్టాం, పైప్ కనెక్షన్ అర్జీ కూడా ఇంకా పెండింగ్‌లోనే ఉంది.