ఇనోయె కుడి వైపు ఉన్న ఖాళీ, నకటాని ఎడమ చెయ్యి

జపాన్ బాక్సర్లు నవోయా ఇనోయె, జుంటో నకటాని ఫైట్ మాట వచ్చిందంటే చాలు, ఎక్కువమంది ఒకటే పాట అందుకుంటున్నారు. ఇనోయెకి వయసు మీద పడుతోంది, దెబ్బ తట్టుకునే శక్తి తగ్గింది, ఏడాది తేడాలో రెండుసార్లు కిందపడ్డాడు కదా అని. పడ్డాడు, నిజమే. కానీ ఏ దెబ్బకి పడ్డాడు, ఆ క్షణంలో అతని చేతులు ఎక్కడున్నాయి అన్నది చూడకుండా గడ్డం వీక్ అయిపోయిందని తేల్చేస్తే ఎలా, నాకైతే ఆ ఫైట్లు మళ్ళీ మళ్ళీ వేసుకుని చూస్తే వేరే సంగతి కనిపించింది, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు నకటానిని పక్కన పెట్టి ఇనోయె కెరీర్‌లో అతన్ని నిజంగా ఇబ్బంది పెట్టిన దెబ్బలు ఏంటో చూద్దాం, పెద్ద లిస్టేం కాదు, ముఖ్యమైనవి మూడే. 2019 నవంబర్‌లో సైతామాలో నోనిటో డొనేర్ రెండో రౌండ్‌లో వేసిన లెఫ్ట్ హుక్ (ఎడమ చేత్తో పక్క నుంచి తిప్పి వేసే దెబ్బ), దాంతో కుడి కంటి పైన చీలిపోయింది, కంటి కింద ఎముక విరిగింది, మిగతా ఫైట్ అంతా మనుషులు రెండుగా కనిపిస్తుంటే కొట్టుకొచ్చాడు. తర్వాత 2024 మే 6న టోక్యో డోమ్‌లో లూయిస్ నెరీ మొదటి రౌండ్‌లోనే లెఫ్ట్ హుక్‌తో పడగొట్టాడు, ప్రొఫెషనల్ కెరీర్‌లో ఇనోయె కిందపడటం అదే మొదటిసారి. ఆ తర్వాత 2025 మే 4న లాస్ వేగాస్‌లో రమోన్ కార్డెనాస్ రెండో రౌండ్‌లో, అదీ లెఫ్ట్ హుకే.

మూడూ ఎడమ చేతి దెబ్బలే, మూడూ తగిలింది ఇనోయె కుడి వైపే. డొనేర్, కార్డెనాస్ ఇద్దరూ ఆర్థోడాక్స్, వాళ్ళకి ఎడమ చెయ్యి ముందు ఉంటుంది. నెరీ సౌత్‌పా, అతనికి ఎడమ చెయ్యి వెనక ఉంటుంది. అంటే దెబ్బ వచ్చిన దూరం వేరు, కోణం వేరు, వేసిన మనుషులు వేరు, కానీ దొరికిన సందు మాత్రం ఒకటే. ఇది గడ్డం సమస్య కాదు, కుడి గ్లవ్ సమస్య.

కార్డెనాస్ వేసిన దెబ్బని స్లోగా పెట్టి చూడండి. ఇనోయె తన లెఫ్ట్ హుక్‌ని గట్టిగా, వెడల్పుగా తిప్పాడు, కార్డెనాస్ తల కిందకి దించాడు, ఆ హుక్ గాల్లో పోయింది. అంత బలంగా వేసింది తగలకపోతే ఒళ్ళంతా దానితోపాటే తిరిగిపోతుంది కదా, అలా తిరిగినప్పుడు కుడి చెంప ఎదుటివాడికి తెరిచిన తలుపులా ఉండిపోయింది, ఆ టైంలో చెంపకి ఆనుకుని ఉండాల్సిన కుడి గ్లవ్ కాస్త కిందకి జారి తర్వాతి రైట్ హ్యాండ్ కోసం రెడీగా ఉంది. కార్డెనాస్ వంగినవాడు వంగినట్టే పైకి లేస్తూ పొట్టి హుక్ వేశాడు. నెరీ దగ్గరా దాదాపు ఇంతే, ఇద్దరూ బాగా దగ్గరగా నిలబడి దెబ్బలు మార్చుకుంటున్నప్పుడు ఇనోయె చూపంతా తాను వేసే దాని మీదే ఉంది. రెండు ఫైట్లలోనూ మొదటి రెండు రౌండ్లలోనే ఇది జరిగింది, అంటే త్వరగా ముగించెయ్యాలన్న ఆత్రం ఉన్నప్పుడే కుడి చెయ్యి ఇల్లు వదిలి బయటికి వస్తోంది.

పడ్డాక అతను ఏం చేశాడో కూడా చెప్పుకోవాలి, అది చెప్పకపోతే అన్యాయం. నెరీ పడగొట్టినప్పుడు గబుక్కున లేచి నిలబడలేదు, మోకాలి మీద ఉండి రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేదాకా ఆగి అప్పుడు లేచాడు. జీవితంలో మొదటిసారి కిందపడ్డవాడికి, చుట్టూ అంత పెద్ద స్టేడియం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఆ నిదానం ఎక్కడిదో అర్థం కాదు. 1990లో మైక్ టైసన్ బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిపోయింది ఇదే టోక్యో డోమ్‌లో, ఆ తర్వాత 34 ఏళ్ళకి అక్కడ బాక్సింగ్ పెట్టారు, అలాంటి రాత్రి. రెండో రౌండ్‌లో నెరీని పడగొట్టాడు, ఐదులో మళ్ళీ పడగొట్టాడు, ఆరులో ముగించేశాడు. కార్డెనాస్‌నైతే ఏడులో పడగొట్టి ఎనిమిదిలో ఆపించేశాడు. దెబ్బ తట్టుకునే శక్తి పోయినవాడు ఇలా చెయ్యలేడు.

ఇక బలాల సంగతి. అందరూ పవర్ పవర్ అంటారు, 2025 చివరికి 32 ఫైట్లలో 27 నాకౌట్లు ఉన్నాయి కాబట్టి అనడంలో తప్పేం లేదు, కానీ నా దృష్టిలో అతని అసలు ఆయుధం బాడీ షాట్ (పొట్ట, పక్కటెముకల మీద వేసే దెబ్బ), అందులోనూ లివర్ మీద వేసే లెఫ్ట్ హుక్. 2019లో డొనేర్‌ని పదకొండో రౌండ్‌లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది అదే. 2021లో మైకేల్ దస్మారినాస్‌ని మూడు రౌండ్లలో ముగించింది కూడా అదే, పడ్డ ప్రతిసారీ పక్కటెముకల దగ్గర తిన్న దెబ్బకే పడ్డాడు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. లివర్ ఒంట్లో కుడి వైపు ఉంటుంది. ఆర్థోడాక్స్ బాక్సర్‌కి కుడి వైపు వెనక్కి ఉంటుంది కాబట్టి లివర్ దాకా చెయ్యి చేరాలంటే కాస్త లోపలికి వెళ్ళాలి. సౌత్‌పాకి కుడి వైపు ముందుంటుంది, అంటే ఇనోయె ఎడమ చేతికి లివర్ ఇంకా దగ్గరగా దొరుకుతుంది. దస్మారినాస్ సౌత్‌పానే. నకటాని కూడా సౌత్‌పానే, పైగా పొడుగు మనిషి, కాపాడుకోవాల్సిన ఒళ్ళు ఎక్కువ.

ఇంకో బలం జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ. స్టీఫెన్ ఫుల్టన్ ఫైట్ (2023 జూలై) చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, ఫుల్టన్ అతనికన్నా పొడుగు, చేతులు పొడుగు, దూరం నుంచి ఆడటంలో దిట్ట, అలాంటివాడిని ఇనోయె జాబ్‌తోనే వెనక్కి తోస్తూ పోయాడు. పొట్ట మీద జాబ్, పొట్ట మీద జాబ్, ఫుల్టన్ మోచెయ్యి కిందకి రావడం మొదలైంది, ఎనిమిదో రౌండ్‌లో మళ్ళీ పొట్ట మీద జాబ్ వేసి వెంటనే పైకి రైట్ హ్యాండ్ విసిరాడు, అంతే. తన కన్నా పొడుగువాడి దగ్గరికి ఎలా చేరాలో అతనికి బాగా తెలుసు. జేమీ మెక్‌డొనెల్ ఇంకా పొడుగు, మొదటి రౌండ్ కూడా దాటలేదు, కాకపోతే మెక్‌డొనెల్ బరువు దించుకుని ఎండిపోయి వచ్చాడు కాబట్టి దాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు అసలు ఫైట్. 165 సెంటీమీటర్ల ఇనోయె ముందు 170 దాటిన నకటాని, 2025 చివరికి అతని రికార్డూ 32 ఫైట్లు, 32 గెలుపులే, 24 నాకౌట్లు. పదిహేనేళ్ళ వయసులో జపాన్ వదిలి లాస్ ఏంజిలిస్‌కి వెళ్ళి ట్రైనర్ రూడీ హెర్నాండెజ్ దగ్గర నేర్చుకున్నాడు. అతని ఎడమ చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే 2023 మేలో ఆండ్రూ మొలోనీని పన్నెండో రౌండ్‌లో పడేసిన దెబ్బ చూడండి చాలు, ఫైట్ ఎలాగూ గెలిచేసి ఉన్నాడు, అయినా ఆగలేదు. (ఆండ్రూ కవల సోదరుడు జేసన్‌ని ఇనోయె 2020లో ఏడో రౌండ్‌లో నాకౌట్ చేశాడు, అన్నదమ్ములిద్దరూ వీళ్ళిద్దరికీ చెరొకరు బలయ్యారు పాపం.) 2024లో విన్సెంట్ ఆస్ట్రొలాబియోని మొదటి రౌండ్‌లోనే పొట్ట మీద ఎడమ చేత్తో కూర్చోబెట్టాడు. పొడుగ్గా ఉన్నాడు కదా దూరం నుంచే ఆడతాడనుకుంటే పొరపాటే, కాళ్ళు వెడల్పుగా పెట్టి బాగా వంగుతాడు, కింద నుంచి అదే ఎడమ చేత్తో అప్పర్‌కట్ లేపుతాడు. ఇనోయెకి కుడి వైపు ఖాళీ ఉందనుకున్నాం కదా, ఆ ఖాళీకి సరిపడే చెయ్యి ఇప్పుడు ఈ బరువులో ఎవరికైనా ఉందంటే అది నకటానికే ఉంది. నాకు భయం వేసేది అక్కడే.

కానీ ఆ ఖాళీని ఇనోయె మూసెయ్యగలడా అంటే మూసేసి చూపించాడు కూడా. 2025 సెప్టెంబర్ 14న నగోయాలో మురోద్‌జోన్ అఖ్మదలియెవ్‌తో ఆడిన 12 రౌండ్లు. అఖ్మదలియెవ్ అల్లాటప్పా బాక్సర్ కాదు, రియో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినవాడు, సౌత్‌పా, ఎడమ చేతిలో బలం ఉంది. ఆ రాత్రి ఇనోయె నాకౌట్ కోసం వెంటపడలేదు, లోపలికి వచ్చి రెండు మూడు వేసి అవతలివాడు బదులిచ్చేలోపు పక్కకి జరిగిపోయాడు, ముగ్గురు జడ్జీల స్కోర్లూ ఇనోయెకే, 118-110, 118-110, 117-111. అతని మీద వచ్చిన అన్ని విమర్శలకీ అదే సమాధానం అని నేననుకుంటా. వరుసగా 11 నాకౌట్ల తర్వాత జడ్జీల స్కోర్ల మీద వచ్చిన గెలుపు కాబట్టి పవర్ తగ్గిందని కొందరన్నారు, నాకు మాత్రం అతని కెరీర్‌లోనే అంత తెలివైన ఫైట్ ఇంకోటి కనపడలేదు.

2025 డిసెంబర్ 27న రియాద్‌లో ఒకే రాత్రి ఇద్దరూ ఆడారు, ఇనోయె డేవిడ్ పికాసోని పాయింట్ల మీద తేలిగ్గానే గెలిచాడు. నకటానికి ఇనోయె ఆడే 122 పౌండ్ల బరువులో అదే మొదటి ఫైట్, సెబాస్టియన్ హెర్నాండెజ్ అతన్ని వదలకుండా లోపలికి తోసుకొచ్చి కొడుతూనే ఉన్నాడు, నకటాని కన్ను వాచిపోయింది, గెలిచాడు గానీ ఇద్దరు జడ్జీలు 115-113 మాత్రమే ఇచ్చారు. నకటాని పని అయిపోయిందని అప్పుడే అనేస్తున్నారు గానీ ఒక్క ఫైట్‌తో అలా తేల్చకూడదు, హెర్నాండెజ్ ఎడతెరిపి లేకుండా ఆడే రకం, ఇనోయె ఆ రకం కాదు. కాకపోతే ఒకటి మాత్రం బయటపడింది, నకటానికి దగ్గర ఫైట్ అంటే ఇష్టం, వద్దనుకున్నా అందులోకి దిగిపోతాడు, దెబ్బకి దెబ్బ వెయ్యకుండా ఉండలేడు. అంత దగ్గరగా ఉంటే లివర్ కూడా అంత దగ్గరగానే ఉంటుంది.

ఇనోయె వయసు, చేతుల గురించి ఒక మాట. 1993 ఏప్రిల్‌లో పుట్టాడు, 108 పౌండ్ల దగ్గర మొదలుపెట్టి నాలుగు బరువుల్లో ఛాంపియన్ అయ్యాడు, ఇంత చిన్న బరువుల్లో ముప్పై దాటాక కాళ్ళ వేగం తగ్గడం మామూలే. 2016లో డేవిడ్ కార్మోనాతో ఆడినప్పుడు కుడి చెయ్యి దెబ్బతిని 12 రౌండ్లు లాగాల్సి వచ్చింది, అలాంటిది నకటాని ముందు జరిగితే కష్టం. వీటికి ఇంతకన్నా విలువ ఇవ్వను, అఖ్మదలియెవ్ ముందు ఆ కాళ్ళు తిరిగిన తీరు చూశాక అస్సలు ఇవ్వను.

2025 మార్చి 31న జపాన్ బాక్సింగ్ అవార్డుల వేదిక మీదే ఇనోయె నకటానిని పిలిచి, ఏడాది తర్వాత టోక్యో డోమ్‌లో కలుద్దామన్నాడు. ఈ ఫైట్ కోసం ఇంతగా ఎదురుచూడటానికి కారణం ఇదే, ఇద్దరూ ఒకరినొకరు తప్పించుకోవట్లేదు, ఇద్దరూ ఓడిపోనివాళ్ళే, ఒకే దేశం.

జరిగితే మొదటి మూడు రౌండ్లు నేను ఇనోయె కుడి గ్లవ్ తప్ప ఇంకేం చూడను. లెఫ్ట్ హుక్ వేసిన ప్రతిసారీ ఆ గ్లవ్ చెంపని అంటిపెట్టుకుని ఉంటే, హుక్ అయ్యాక నకటాని ఎడమ చేతికి దూరంగా తన ఎడమ పక్కకి జరుగుతుంటే, తొమ్మిది పది రౌండ్ల మధ్య బాడీ షాట్‌తో ఇనోయె ముగిస్తాడని నా అంచనా. అలా కాకుండా మొదటి రౌండ్‌లోనే జనాన్ని లేపాలని వెడల్పుగా హుక్కులు తిప్పడం మొదలుపెడితే మాత్రం కార్డెనాస్ వేసింది పొట్టి హుక్, నకటాని వేసేది వెనక చేత్తో వచ్చే పొడుగు దెబ్బ, దానికి ఎనిమిది లెక్కపెట్టేలోపు లేస్తాడని నేను ధైర్యంగా చెప్పలేను.