కీబోర్డు అమ్మకానికి పెట్టినప్పుడు

మొన్న నా యమహా పీఎస్ఆర్-ఐ500 మ్యూజిక్ కీబోర్డు అమ్మేశాను. గుంటూరు బ్రాడీపేటలో తెలిసినవాళ్లందరూ "ముందు రేటు ఎక్కువ పెట్టు, బేరంలో దిగొచ్చు" అన్నారు. నాకది నచ్చలేదు. కొత్తది ఇప్పుడు ఎంతకు వస్తోందో షాపులో కనుక్కున్నాను. నేను కొన్నప్పటి ధరతో కొనేవాళ్లకు పనిలేదు కదా. కొత్తదాని రేటులో సగం కంటే కాస్త ఎక్కువ పెట్టి, ఐదొందలు తగ్గించడానికి మాత్రం మనసులో సిద్ధపడ్డాను.

ప్రకటన రాయడానికే ఎక్కువ టైమ్ పట్టింది. "సూపర్ కండిషన్", "అర్జెంట్ సేల్" లాంటివి రాయలేదు. అర్జెంట్ అంటే చాలు, సగానికి అడుగుతారు. 61 కీలూ పలుకుతాయి, పై ఆక్టేవ్‌లో ఒకటి మాత్రం మెల్లగా నొక్కినా గట్టిగా పలుకుతుంది అని రాశాను. ఇలా నొక్కే తీరును బట్టి మెల్లగా, గట్టిగా పలికే టచ్ కీబోర్డుల్లో ఒక్కో కీ కింద రెండు కాంటాక్టులు, అంటే నొక్కగానే తగిలే స్విచ్‌ల్లాంటివి, ఉంటాయి. ఒకటి తగిలాక రెండోది ఎంత త్వరగా తగిలిందో చూసి శబ్దం ఎంత ఉండాలో కీబోర్డు లెక్కేస్తుంది. దుమ్ము చేరితే ఆ లెక్క తప్పుతుంది. విప్పి శుభ్రం చేయిస్తే చాలావరకు సర్దుకుంటుంది, అదీ రాశాను. ఒరిజినల్ అడాప్టర్, బిల్లు ఉన్నాయి, స్టాండ్ ఇవ్వను. గీత పడిన చోట దగ్గరగా తీసిన ఫోటో.

"లాస్ట్ ఎంత?" అనే మెసేజ్‌లు చాలా వచ్చాయి. చివరికి మంగళగిరి నుంచి ఒక తమ్ముడు వచ్చాడు, చర్చిలో వాయిస్తాడట. ముందు ఆ కీ దగ్గరికే వెళ్లి నొక్కి చూశాడు. "మీరు రాసినట్టే ఉందన్నా" అన్నాడు. బేరమే ఆడలేదు. నేనే ఐదొందలు తగ్గించి, శుభ్రం చేయించడానికి వాడుకోమన్నాను.