ఎవరితో ఆడారు?

2025 మార్చి 18, మంగళవారం. పన్నెండు కావస్తోంది. పొద్దున ఆరున్నరకి లేవాలని తెలుసు. ఆయన పడుకోబోతూ "ఇంకా దాని గురించేనా?" అని అడిగి, జవాబు వినకుండానే లైటు తీసేశారు. అవును, దాని గురించే.

మధ్యాహ్నం భోజనాల గదిలో పులిహోర డబ్బా మూత తీస్తుండగా మొదలైంది. ఆదివారం సాయంత్రం కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంటుకి ఎంపికైన జట్ల జాబితా ప్రకటించినప్పటి నుంచి మా ఆఫీసులో ఎవరూ పని చేస్తున్నట్టు లేదు. ఇండియానా విశ్వవిద్యాలయం జట్టుకి ఈసారీ చోటు దక్కలేదు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన నాలుగు జట్లలో అదొకటి. అందరూ పరామర్శకి వచ్చినట్టు కూర్చున్నారు, ఆ కారొలైనా పెద్దమనిషి తప్ప. (కాఫీ కప్పు కడగని మనిషి. ఆయనే.) ఆయన చదువుకున్న నార్త్ కారొలైనాకి చిట్టచివరి చోట్లలో ఒకటి దొరికింది. మొదటి తరగతిగా లెక్కించే గట్టి ఆటలు ఆ జట్టు పదమూడు ఆడి ఒక్కటి గెలిచింది. పన్నెండు ఓడింది. పైగా ఎంపిక సంఘం అధ్యక్షుడు ఆ విశ్వవిద్యాలయం క్రీడా విభాగానికే అధిపతి. తమ జట్టు మాట వచ్చినప్పుడు గది బయటికి వెళ్లిపోవాలనే నియమం ఉందిలెండి.

పన్నెండు ఓటములు అర్హత ఎలా అయ్యాయని నేను మామూలుగానే అడిగాను. ఆయన ఎక్కాలు రాని పిల్లకి చెబుతున్నట్టు నవ్వి, "ఎన్ని గెలిచారని కాదు, ఎవరితో ఆడారని చూడాలి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేను పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ ఉండిపోయాను. జవాబు కారెక్కి బెల్టు పెట్టుకున్నాక వచ్చింది. నా జవాబులన్నీ అక్కడే వస్తాయి.

పోయిన ఏడాది మా ఇంట్లో జరిగింది రాశానా? రాయలేదనుకుంటాను. 2024 మార్చి 17, ఆదివారం. పెద్దాడు టెర్రె హోట్ నుంచి ఉతకాల్సిన బట్టల మూటతో దిగాడు. వాడు అక్కడ చదివే ఇండియానా స్టేట్ (ఇండియానా విశ్వవిద్యాలయం కాదు, చిన్న లీగులో ఆడే వేరే కాలేజీ) అప్పటికి ఇరవై ఎనిమిది గెలిచి ఆరే ఓడింది. బాస్కెట్‌బాల్ దిగ్గజం లారీ బర్డ్ ఆడిన 1979 తర్వాత ఆ కాలేజీ పేరు దేశంలోని మొదటి ఇరవై అయిదు జట్ల పట్టికకి ఎక్కడం అదే మొదటిసారి. జట్ల బలం కొలవడానికి సంఘం చూసే 'నెట్' అనే ర్యాంకుల్లోనూ ముప్పై లోపే ఉంది. కానీ వారం ముందు సెయింట్ లూయిస్‌లో తమ లీగు ఫైనల్లో డ్రేక్ చేతిలో 84-80తో ఓడారు. ఆ ఫైనల్ గెలిస్తే నేరుగా జాతీయ టోర్నమెంటు లోపలికి వెళ్లవచ్చు. లేకపోతే మిగిలిన చోట్లని ఆ ఏడాది ఒక గదిలో కూర్చుని పంచిన పన్నెండు మంది దయ.

అత్తయ్య అప్పుడు ఇక్కడే ఉన్నారు. ఆవిడకి ఆట తెలియదు గాని ఆ జట్టు ఆటగాడు రాబీ అవీలా అంటే ప్రాణం. పెద్ద గాగుల్స్, తొందరలేని నడక, ఎటు చూస్తున్నాడో తెలియకుండా బంతి అందించే తీరు. "మన లెక్కల మాస్టారి అబ్బాయిలా లేడూ!" అనేవారు. జనం అతన్ని పాతకాలం దిగ్గజం కరీమ్ అబ్దుల్-జబ్బార్ పేరు మీద క్రీమ్ అబ్దుల్-జబ్బార్ అంటారని పెద్దాడు చెబితే, క్రీమంటే మీగడే కదా అని ఆవిడ మీగడబ్బాయిని చేసేశారు. ఆ సాయంత్రం టీవీ పక్కనున్న ఆంజనేయస్వామి పటానికి తమలపాకుల దండ మొక్కుకుని మరీ కూర్చున్నారు.

జాబితాని నాలుగు భాగాలుగా చదువుతారు. భాగానికీ భాగానికీ మధ్య కార్ల ప్రకటనలు, మళ్లీ కార్ల ప్రకటనలు. పెద్దాడు కరెంటు బిల్లు వెనక గీతలు గీస్తూ మిగిలిన చోట్లు లెక్కపెడుతున్నాడు. ఆఖరి చోట్లలో ఒకటి వర్జీనియాకి పోయిందని కనబడగానే పెన్ను కింద పెట్టాడు. మేము చివరి దాకా చూశాం. అయిపోయాక అత్తయ్య, "ఇంకొకసారి చదవమను, ఎక్కడో తప్పిపోయి ఉంటుంది" అన్నారు. ఎవరం మాట్లాడలేదు. వాషింగ్ మెషీను ఒక్కటే మోగుతోంది. రెండు రోజుల తర్వాత ఆ వర్జీనియా, చివరి చోట్లు దొరికినవాళ్లు ముందుగా ఆడే ఊరైన డేటన్‌లో ఆట మొత్తం మీద నలభై రెండు పాయింట్లు చేసి, కొలరాడో స్టేట్ చేతిలో ఇరవై అయిదు తేడాతో ఓడింది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. సిగ్గేమీ లేదు.

కారులో వచ్చిన జవాబు ఇది. ఎవరితో ఆడారని అడిగేవాళ్లు, వీళ్లతో ఎవరు ఆడారని అడగరు. చిన్న లీగులో మంచి జట్టు కనబడితే పెద్ద కాలేజీలు ఆ ఊరి ఛాయలకి రావు. గెలిస్తే పేరు రాదు, ఓడితే పరువు పోతుంది. కావాలంటే మీరే మా ఊరు రండి అంటారు. ఆ ఏడాది ఇండియానా స్టేట్ అలబామా వెళ్లింది, మిషిగన్ స్టేట్ వెళ్లింది, రెండు చోట్లా ఓడింది. అలబామా ఆ ఏడాది టోర్నమెంటులో సెమీఫైనల్ దాకా వెళ్లిన చివరి నాలుగు జట్లలో ఒకటి, మామూలు జట్టు కాదు. పెద్ద లీగులో ఉన్నవాళ్లకి అలాంటి ప్రత్యర్థులు వారం వారం గుమ్మంలోకే వస్తారు. పదమూడు రాళ్లు వేస్తే ఒకటి తగలదా?

నన్నూ ఇదే అడిగేవారు. భర్త ఉద్యోగం మీద వచ్చే హెచ్-4 వీసా మీద అయిదేళ్లు ఇంట్లో కూర్చుని, పని అనుమతి కార్డు చేతికొచ్చాక వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట: "ఇక్కడ పని చేసిన అనుభవం ఉందా?" హైదరాబాదులో చేసిన ఆరేళ్లు వాళ్ల లెక్కలో చిన్న లీగు. ఒకాయన నా కాగితం తిరగేసి, ఆ సంస్థ పేరు ఎప్పుడూ వినలేదన్నాడు. నేను ఆయన సంస్థ పేరు వినింది మాత్రం ఆ పొద్దునే.

సరే, ఇంత కోపం మూటగట్టుకుని ఇంటికొచ్చి, గిన్నెలు సింకులోనే వదిలేసి టీవీ ముందు కూర్చున్నాను, కారొలైనా చిత్తుగా ఓడితే కళ్లారా చూద్దామని. మళ్లీ అదే డేటన్, ఎదుట శాన్ డియాగో స్టేట్. 95-68. గెలిచింది కారొలైనా. సగం ఆట కాకముందే తేలిపోయింది. ఆ కుర్రాళ్లు బాగా ఆడారు, ఏం చేయను? రేపు ఆ పెద్దమనిషి మొహం చూడాలి.

"పోయిన ఏడాది ర్యాంకు వచ్చిన వారమే సొంత ఊళ్లో ఇల్లినాయ్ స్టేట్ చేతిలో ఓడారు మనవాళ్లు, గుర్తుందా?" అన్నారు మా ఆయన పక్కనుంచి. గుర్తుంది. ఆ ఒక్కటి గెలిచి ఉంటే ఏమయ్యేదో. డ్రేక్ ఆటలో ఇంకో నాలుగు పాయింట్లు వచ్చి ఉంటే ఏ పన్నెండు మందితోనూ పని లేదు. అప్పట్లో తమ లీగు టోర్నమెంటులో అయిదు రోజుల్లో అయిదు ఆటలు గెలిచి ఒక చోటు ఎగరేసుకుపోయిన నార్త్ కారొలైనా స్టేట్‌ని (ఆ పెద్దమనిషిది కాదు, వేరే కాలేజీ) నేను నెల్లాళ్లు దొంగలనే అన్నాను. ఆ దొంగలు చివరి నాలుగింటి దాకా వెళ్లారు. ఎవరికి అర్హత ఉందో ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి ఎవరు చెప్పగలరు? అయినా ఇరవై ఎనిమిది గెలిచారండీ!

ఆ ఏడాది మన జట్టుని, చోటు దొరకనివాళ్లు ఆడే రెండో టోర్నమెంటు ఎన్‌ఐటీకి పిలిస్తే, అందులో వరసగా నాలుగు గెలిచి ఫైనల్‌కి వచ్చింది. ఇండియనాపొలిస్‌లో హింకిల్ ఫీల్డ్‌హౌస్ నిండా నీలం చొక్కాలు. సీటన్ హాల్ చేతిలో 79-77తో ఓడాం. గొంతు పోయేలా అరిచాం. బాగుంది ఆ రాత్రి.

ఇవాళ్టి ఇంకో వింత. డ్రేక్ కోచ్‌గా మనల్ని ఓడించిన డేరియన్ డెవ్రీస్ ఈ ఏడాది వెస్ట్ వర్జీనియా కోచ్‌గా తనే గుమ్మం బయట ఆగిపోయాడు. దాని మీద నిన్న ఆ రాష్ట్ర గవర్నర్ పత్రికల వాళ్లని పిలిచి దర్యాప్తు అన్నాడు. ఇవాళ ఇండియానా విశ్వవిద్యాలయం ఆ డెవ్రీస్‌నే కోచ్‌గా తీసుకుంది. కోచ్‌లకి వెయిటింగ్ లిస్టు ఉండదు.

ఇప్పుడే అత్తయ్య ఫోను, అక్కడ తొమ్మిదిన్నర. మీగడబ్బాయి ఎలా ఉన్నాడని అడిగారు. తన కోచ్‌తో పాటు సెయింట్ లూయిస్ కాలేజీకి మారాడని, అక్కడా ఈసారి చోటు రాలేదని చెప్పాను. తమలపాకుల దండ బాకీ తప్పిపోయినట్టేగా అన్నాను నవ్వుతూ. ఆవిడ కాసేపాగి, "నేను ఆ ఒక్క ఏడాదికని మొక్కుకోలేదమ్మా" అన్నారు.