మెషిన్ ఎవరిదైతేనేం? వాచీ కొనేముందు నేను పడ్డ తర్జనభర్జన

స్విస్ కంపెనీ ఓరిస్ ఆక్విస్ అనే డైవింగ్ వాచీని రెండు రకాల మెషిన్లతో, అంటే లోపల ముళ్లని నడిపే యంత్రాలతో, అమ్ముతుంది. షాపులో పక్కపక్కన పెట్టి చూపించారు. అదే కేసు, డయల్ చుట్టూ అదే బెజెల్ రింగు. డయల్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న వరుస తప్ప చూడ్డానికి పెద్ద తేడా ఏమీ లేదు. ధరలో మాత్రం సుమారు లక్ష రూపాయల తేడా! ఒకదాంట్లో ఉన్నది సెలిటా అనే కంపెనీ నుంచి తెచ్చుకున్న మెషిన్, దానికి ఓరిస్ 733 అని నంబరిచ్చుకుంది. రెండోదాంట్లో ఓరిస్ సొంతంగా రూపొందించిన కాలిబర్ 400 అనే మెషిన్ ఉంది.

ఇంటి లోను తీరిపోయింది, అమ్మాయి చదువు అయిపోయింది. ఇన్నేళ్లకి, చేతి కదలికకే స్ప్రింగ్ బిగుసుకునే ఒక మంచి ఆటోమేటిక్ వాచీ కొనుక్కుందామని బయల్దేరినవాణ్ని. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి లోపల ఏముందో తెలుసుకోకుండా డబ్బు కట్టడం నా వల్ల కాదు. అక్కడే ఇరుక్కుపోయాను.

వాచీల పిచ్చి ఉన్నవాళ్లెవరిని అడిగినా ఒకటే మాట: ‘ఇన్‌హౌస్, అంటే కంపెనీ సొంతంగా చేసుకున్న మెషిన్ అయితేనే అసలైన వాచీ. బయట కొన్న మెషిన్ పెట్టి పేరు వేసుకుంటే అది ఏం కంపెనీ?’ వినడానికి న్యాయంగానే ఉంది. కానీ కాస్త వెనక్కి వెళ్లి చదివితే లెక్క మారిపోయింది. రోలెక్స్ డేటోనాలో 1988 నుంచి 2000 దాకా ఉన్నది జెనిత్ వాళ్ల ఎల్ ప్రిమెరో ఆధారంగా చేసిన మెషిన్. గంటకు 36,000 సార్లు కొట్టుకునేదాన్ని రోలెక్స్ 28,800కి తగ్గించి, చాలా భాగాలు మార్చి వాడుకుంది. 1972లో వచ్చిన ఆడెమార్ పిగే రాయల్ ఓక్, 1976 నాటి పాటెక్ ఫిలిప్ నాటిలస్, ఈ రెండింటి మెషిన్లకూ మూలం జేగర్ లెకుల్ట్ర్ తయారు చేసిన 920. తమాషా ఏమిటంటే జేగర్ తన సొంత వాచీల్లో దాన్ని ఎప్పుడూ వాడుకోలేదు. ఇవాళ కోట్లలో పలుకుతున్న పాత నాటిలస్‌ల గురించి మాట్లాడేటప్పుడు ‘అది బయట మెషిన్ కదా’ అని ఎవరైనా మూతి విరవడం నేనైతే వినలేదు.

మరి ఈ ఇన్‌హౌస్ గోల ఎప్పుడు మొదలైంది? చాలా ఏళ్లపాటు స్విస్ వాచీల్లో అధిక భాగానికి మెషిన్లు ఇచ్చింది ఈటీఏ. అది స్వాచ్ గ్రూప్ చేతిలో ఉంది. పోటీదార్లకు బిగించకుండా విడిభాగాలుగా ఇచ్చే మెషిన్లు అమ్మడం మానేస్తామని 2002లో ఆ గ్రూప్ ప్రకటించింది. స్విట్జర్లాండ్ పోటీ కమిషన్ కల్పించుకుని, ఒక్కసారిగా ఆపొద్దు, ఏళ్ల మీద తగ్గించుకుంటూ రండి అంది. ఆ భయంతో డబ్బున్న కంపెనీలు సొంత మెషిన్ల మీద పడ్డాయి. లేనివి సెలిటా తలుపు తట్టాయి. అప్పటిదాకా ఈటీఏ భాగాలు తెచ్చుకుని బిగించి ఇచ్చే పని చేసిన సెలిటా, పేటెంట్లు తీరిపోయిన ఈటీఏ 2824 నమూనా మీద ఎస్‌డబ్ల్యూ 200 తయారు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఓరిస్ 733 అని పిలిచేదానికి మూలం ఇదే. అంటే ఇన్‌హౌస్ అనేది మొదట గొప్ప కోసం పుట్టలేదు, సరఫరా ఆగిపోతుందన్న టెన్షన్‌లోంచి పుట్టింది. సొంత మెషిన్ చేతికొచ్చాక ప్రకటనల వాళ్లు దానికి పట్టుబట్ట కట్టారు.

పైగా ఇన్‌హౌస్ అంటే ఏమిటన్నదానికి చట్టంలో నిర్వచనం లేదు. ‘స్విస్ మేడ్’ అని రాయాలంటే తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడే జరగాలని 2017 నుంచి నిబంధన ఉంది. ఇన్‌హౌస్‌కి అలాంటిదేమీ లేదు. ట్యూడర్ మెషిన్లు చేసే కెనిసీ కంపెనీలో షనెల్‌కి వాటా ఉంది, అక్కడి మెషిన్లు బ్రైట్‌లింగ్, నార్కెయిన్ వాచీల్లోనూ కనిపిస్తాయి. ట్యూడర్ వాళ్ల క్రోనోగ్రాఫ్‌లో, అంటే స్టాప్‌వాచ్ ఉన్న వాచీలో, ఉండేది బ్రైట్‌లింగ్ మూలంగా వచ్చిన మెషిన్. ఇక టిసో వాచీల్లోని పవర్‌మాటిక్ 80 ఈటీఏ చేసింది. టిసో, ఈటీఏ ఒకే గ్రూప్ పిల్లలు. అది ఇన్‌హౌసా, కాదా? మా ఇంట్లో ఈ ప్రశ్న అడిగితే, ‘ఉమ్మడి కుటుంబంలో వదిన వండింది ఇంటి వంటా, బయట వంటా?’ అని మా ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది. చెప్పలేకపోయాను.

ఇంత చదివాక కూడా నిర్ణయం తేలలేదు. ఎందుకంటే కాలిబర్ 400 కాగితం మీద నిజంగానే గట్టిది. 2020లో వచ్చింది. స్ప్రింగ్ ఉండే డబ్బాలు (బ్యారెల్స్) రెండు, ఒకసారి పూర్తిగా స్ప్రింగ్ బిగిస్తే 120 గంటలు, అంటే అయిదు రోజులు నడుస్తుంది. రోజుకు మైనస్ 3 నుంచి ప్లస్ 5 సెకన్ల లోపు తేడా అని కంపెనీ మాట. అయస్కాంతం ప్రభావం పడని భాగాలు ముప్ఫైకి పైగా ఉన్నాయి. ల్యాప్‌టాప్, ఫోను, స్పీకర్ల మధ్య బతికే మనకు ఇది చిన్న విషయం కాదు. పేరు నమోదు చేసుకుంటే పదేళ్ల గ్యారంటీ, సర్వీసింగ్ కూడా పదేళ్లకోసారి చాలునట. ఎదురుగా సెలిటా మెషిన్ నడిచేది దాదాపు 40 గంటలే, గ్యారంటీ కూడా చాలా తక్కువ. ఈ లెక్కల ప్రకారం చూస్తే పై లక్షకు న్యాయం ఉందనే అనిపించింది.

అప్పుడు సికింద్రాబాద్‌లో మా నాన్న వాచీలు చూసే రిపేరు ఆయన దగ్గరికి వెళ్లాను. చిన్న గది, కంటికి లూపు, టేబుల్ మీద తెల్ల గాజు పళ్లెం. చేతిలో ఒక హెచ్‌ఎంటీ జనతా ఉంది. నేను సంగతంతా చెప్పాను. తల ఎత్తకుండానే, ‘ఏ ఊర్ల పుట్టింది, ఎవలు చేసిండ్రు, నాకెందుకు సార్? సామాను దొరుకుతదా, లేదా? నేను గదే చూస్తా’ అన్నాడు.

ఆ జనతానే చూపించి వివరం చెప్పాడు. హెచ్‌ఎంటీ వాచీల తయారీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో మొదలైంది. ఆ కంపెనీ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. అయినా ఆ వాచీలు ఇప్పటికీ ఆయన టేబుల్ మీదకు వస్తున్నాయి, బాగై పోతున్నాయి. కారణం లక్షల కొద్దీ అమ్ముడవడమే. చెడిపోయిన పది వాచీలుంటే వాటిలో పనికొచ్చే చక్రాలు, స్ప్రింగులు పదకొండో వాచీకి సరిపోతాయి. ‘2824 గూడ గట్లనే సార్. స్విస్‌ది పోతే సెలిటాది, అదీ లేకుంటే చైనా వాళ్లు జేసిన నకలుది. చానా భాగాలు ఒకదానికొకటి కూసుంటయ్. మీ ఇన్‌హౌస్‌ది నా దగ్గరికొస్తే మూత తీసి, చూసి, మళ్లీ మూత పెట్టి ఇస్త.’

‘అంటే అది చెడ్డదా అన్నా?’

‘మంచిదే సార్. మంచిదైతే మట్టుకు నాకు సామాను అమ్ముతరా వాళ్లు?’

ఈ ఒక్క మాటకు నా లెక్క తలకిందులైంది. నిజమే, సొంత మెషిన్లు చేసే కంపెనీల్లో చాలా వరకు విడిభాగాలను బయటి రిపేరుదారులకు అమ్మవు. వాచీ వాళ్ల సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి, అక్కడ కాకపోతే దేశం దాటాలి. మా కాలేజీలో ఒకాయన పేరున్న బ్రాండ్ వాచీ సర్వీసుకిచ్చి, నెలల తరబడి ఫోన్లు చేసి, చివరికి కట్టిన బిల్లు విన్నాక నా జీతం గుర్తొచ్చింది. పదేళ్ల గ్యారంటీ ఉన్నంతకాలం ఆ బాధ కంపెనీదే. నా బెంగ పదకొండో ఏడు గురించి. రిటైరయ్యాక పెన్షన్ డబ్బుతో సర్వీసింగ్ చేయించేవాణ్ని నేను.

సెలిటాకీ వంకలున్నాయి, ఆయనే చెప్పాడు. తొలి రోజుల్లో వచ్చిన ఎస్‌డబ్ల్యూ 200లో చేత్తో కీ ఎక్కువగా తిప్పితే, స్ప్రింగ్‌ని బిగించే రాచెట్ చక్రం పళ్లు అరిగిపోయేవట. ఆటోమేటిక్‌కి ఆగిపోయినప్పుడు నాలుగు చుట్లు తిప్పి చేతికి పెట్టుకోవాలి, మిగతాది అదే చూసుకుంటుంది అన్నాడు. ఇంకో సంగతి, సెలిటా అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఈటీఏ, సెలిటా రెండూ ఒకే మెషిన్‌ని నాలుగు గ్రేడుల్లో అమ్ముతాయి. ఈటీఏ కింది గ్రేడుని రెండు పొజిషన్లలోనే (డయల్ పైకి, కిందికి లాంటివి) పెట్టి సరిచేసి పంపిస్తారు, రోజుకు 12 సెకన్ల వరకు అటూఇటూ ఉండొచ్చు. ‘టాప్’ అనే గ్రేడుని అయిదు పొజిషన్లలో సరిచేస్తారు, తేడా 4 సెకన్లకు దిగుతుంది. అందుకే షాపుకి తిరిగి వెళ్లినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న ‘ఏ గ్రేడు?’. సేల్స్ కుర్రాడు పాపం అయోమయంగా చూసి, ‘సార్, ఇది ప్రీమియం వాచ్’ అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాణ్ని ఏమనగలం, వాడికి అది నేర్పినవాళ్లు లేరు.

మధ్యలో పవర్‌మాటిక్ 80 వైపు కూడా మనసు లాగింది. ధర చాలా తక్కువ, 80 గంటలు నడుస్తుంది. కానీ దాన్ని ఫ్యాక్టరీలో లేజర్‌తో సరిచేస్తారు, మామూలు మెషిన్లలో వేగం సరిచేయడానికి ఉండే రెగ్యులేటర్ మీట దాంట్లో ఉండదు. కొన్ని రకాల్లో ఎస్కేప్‌మెంట్ (టిక్ టిక్‌మని చక్రాలను ఆపి వదిలే అమరిక) భాగాలు ప్లాస్టిక్‌వి. తేడా చేస్తే విప్పి బాగు చేయడం కంటే మెషిన్ మొత్తం మార్చడమే సులువని మా రిపేరు ఆయన తీర్పు. పెట్టిన డబ్బుకి మంచి వాచీయే, నాకు కావలసింది మాత్రం అది కాదు.

చివరికి 733 ఉన్న ఆక్విస్‌నే తీసుకున్నాను. రోజూ పెట్టుకునేవాణ్ని కాబట్టి 40 గంటల నిల్వ నాకు చాలు, రాత్రి తీసి పెడితే పొద్దున నడుస్తూనే ఉంటుంది. మొదట్లో రోజుకు ఎనిమిది తొమ్మిది సెకన్లు ముందుకు పరిగెత్తేది. కొన్నాళ్లు వాడాక కాస్త తగ్గింది. రాత్రి డయల్ పైకి పెడితే ఒక రకంగా, కీ కిందికి వచ్చేలా నిలబెడితే ఇంకో రకంగా నడుస్తుందని గమనించి, ఏ వైపు పెడితే వెనక్కి తగ్గుతుందో చూసుకుని అలా పెడుతున్నాను. గ్యారంటీ ఉన్నన్నాళ్లు మూత తీయించే ఉద్దేశం లేదు. తర్వాత సికింద్రాబాద్ ఉండనే ఉంది.

ఈ కథంతా విన్న మా తోడల్లుడు మాత్రం వెళ్లి కాలిబర్ 400 కొనుక్కొచ్చాడు. ఆయనకు ఇదివరకే మూడు వాచీలున్నాయి, మార్చి మార్చి పెట్టుకుంటాడు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి తీసి పెట్టిన వాచీ సోమవారం పొద్దున ఎనిమిదికి నడుస్తూ ఉండాలంటే 61 గంటలు కావాలి, నాది ఆదివారమే ఆగిపోతుంది. పదకొండో ఏడు మాటేమిటి బావగారూ అంటే, ‘అప్పటికి అమ్మేసి ఇంకోటి కొంటానండీ’ అన్నాడు. ఆయన లెక్క ఆయనకు సరిపోయింది.