సూదికి కుడివైపు చోటెంత?

పరాయి దేశంలో క్విల్టులు, అంటే పొరల బొంతలు, కుట్టే కార్ఖానాలో పనిచేస్తున్నానని తెలిస్తే చాలు, ఇంటికి కుట్టు మిషను కొనాలనుకునే మనవాళ్లు అడిగేది ఒకటే: ‘ఎన్ని రకాల కుట్లు పడతాయి?’ రెండు వందల రకాలున్నా క్విల్టుకు నిత్యం కావలసింది తిన్నని కుట్టు, అప్పుడప్పుడు జిగ్‌జాగ్. మిగతావన్నీ డబ్బా మీద చూసుకోవడానికే.

నేను మొదట చూసేది సూదికి కుడివైపు, మిషను మెడ కింద ఉన్న ఖాళీ. మామూలు ఇంటి మిషన్లలో అది 6, 7 అంగుళాలే. పై గుడ్డ, నడుమ దూది పొర, అడుగు గుడ్డ కలిసి దుప్పటంత క్విల్టయ్యాక దాని మధ్యలో కుట్టాలంటే సగభాగాన్ని చుట్టగా చుట్టి ఆ సందులో దూర్చాలి. దూరుతుంది కానీ కదలదు. బలవంతంగా లాగితే సూది వంగుతుంది, కుట్టు ఒకచోట పొడుగ్గా, ఒకచోట పొట్టిగా పడుతుంది. 9 నుంచి 11 అంగుళాలుంటే ఈ పెనుగులాట బాగా తగ్గుతుంది. పగలంతా కార్ఖానాలో కుట్టి, రాత్రి మళ్లీ సొంత పనికి కూర్చునేవాళ్ల భుజాలకు ఆ తేడా బాగా తెలుసు.

తర్వాత గుడ్డ నడిచే తీరు. సూది కింద ఉండే మిషను పళ్లు అడుగు గుడ్డనే లాగుతాయి. పైది వెనకబడి, వరస చివర ముడతలు తేలుతుంది. పైనుంచి కూడా గుడ్డను నడిపే వాకింగ్ ఫుట్ అందుకే. చేత్తో తిప్పుతూ తీగలు, పువ్వులు కుట్టాలంటే ఆ పళ్లను కిందికి దించే మీట ఉండాలి. ఆపగానే సూది గుడ్డలోనే దిగి ఉండటం, గుడ్డను అదిమిపట్టే మిషను పాదాన్ని మోకాలి మీటతో ఎత్తడం కార్ఖానాలో అలవాటైపోయాయి. అవి లేని మిషను ముందు నాకు చేతులు చాలవు.

ఎప్పటికైనా మన దేశానికి తీసుకెళ్లాలనుకుంటే మిషనుకు అంటించిన వోల్టేజీ వివరం చదవండి. అమెరికాలో కొన్న 120 వోల్టుల మిషనును మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే మోటారు కాలిపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు తోడుంటే నడపవచ్చు, కానీ అదొక బరువు.

దుకాణాల్లో పలచని, బిరుసైన గుడ్డ మీద కుట్టి చూపిస్తారు. దాని మీద ఏ మిషనైనా చక్కగానే కుడుతుంది. మూడు పొరల ముక్కను మీరే వెంట తీసుకెళ్లి, అతుకులు కలిసే మందమైన చోట నెమ్మదిగా కుట్టించి చూడండి. ముక్క తిప్పి చూస్తే అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోందా? బిగువు సరిచేసి మళ్లీ కుట్టమనండి. అప్పటికీ అంతే అయితే పక్క మిషను చూడండి.