జార్జి టౌన్ పాత మేడలో తడి మరక: దొంగ ఎవరు?

చెన్నై జార్జి టౌన్ పాత మేడల్లో సున్నం గోడకు సిమెంటు పూత వేస్తే, కొన్నాళ్లకే అడుగున పొక్కులు లేస్తాయి. అందరూ ముందు పైకప్పునే అనుమానిస్తారు. పాపం, మద్రాసు టెర్రస్‌కి (చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాతకాలపు కప్పు) ఏమీ తెలియదు!

చదరపు అడుగు ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. నీటిచుక్కలు లోపలివైపు పడితే తడి గోడలోదే, బయటివైపైతే గాలిలోది. మరక నేల దగ్గర మొదలై పైకి పోయేకొద్దీ పలచబడితే, దొంగ పునాదిలో ఉన్నట్టే. ఇటుక పీల్చిన నీరు సిమెంటు దాటలేక, వెనకే ఉప్పు పేరుస్తుంది.

ఆ పూతను మరకకు ఒక అడుగు పైదాకా చెక్కేసి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి (కడిగితే మళ్లీ లోపలికే ఇంకుతుంది). గోడ ఆరాక 1:3 సున్నం, ఇసుక పూత వేసి, వారం పాటు తడి గోనెపట్టా కప్పాలి. పైన ఎమల్షన్ వద్దు, వెల్లే వేయండి.