అచ్చంపేట నుంచి శ్రీశైలం, రెండు టికెట్ల బస్సులో

నిజానికి కారులో పోదామనుకున్నాం. ముందురోజు రాత్రి ఫ్రెండ్ ఫోన్ చేసి క్లచ్ పోయిందిరా అన్నాడు, సరేలే అని పొద్దున్నే అచ్చంపేట బస్టాండ్‌కి పోయి శ్రీశైలం బస్సు పట్టుకున్నా. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టే విద్య ఇంకా మర్చిపోలేదు గానీ అది పోయి అప్పటికే కూర్చున్న ఒకావిడ ఒళ్లో పడింది, ఆమె చక్కగా మడతపెట్టి నాకే తిరిగిచ్చింది. నిలబడ్డా.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా, అయినా టికెట్ మాత్రం కొట్టాల్సిందే. ఒక అక్క ఆధార్ చూపించి ఊరుకుంటే కండక్టర్ ఊరుకోలేదు, "జీరో టికెట్ చేతిల వెట్టుకోవాలమ్మా, దాని లెక్క మీదనే సర్కారు మాకు పైసలు కడ్తది" అని మిషన్ నొక్కి చింపి ఇచ్చాడు. వెంటనే ఇంకో టికెట్. అదేంటన్నది ఆమె. ఫ్రీ అనేది మన రాష్ట్రం దాటేదాకే, కృష్ణ మీద బ్రిడ్జి దాటినంక ఛార్జీ పడతది అన్నాడు. ఒకే సీటు, ఒకే మనిషి, సగం దూరం దాటాక టికెట్ మారిపోతుంది!

ఆమె పక్కనావిడది ఆంధ్రా వైపు సున్నిపెంట. ఆమె మొత్తం ఛార్జీ కట్టింది. "మాకూ ఉండాదిలేమ్మా, మొన్న 2025 ఆగస్టు 15 కాడ్నుంచి పెట్నారు, కాకపోతే మా బస్సు ఎక్కల్ల, మా రాష్ట్రంలోనే తిరగల్ల" అన్నది. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి లెక్కలేయడం మొదలుపెట్టారు, అటు బస్సు ఎక్కడ దిగి ఇటు బస్సు ఎక్కడ ఎక్కితే ఎంత మిగులుతుందని. మధ్యలో ఎక్కి దిగే ఓపిక ఎవరికుంది అని ఇద్దరే తేల్చేసుకుని పల్లీలు పంచుకున్నారు, నాక్కూడా గుప్పెడు వచ్చాయి.

నా ముందు ఒక తాత నాలుగు గిన్నెల స్టీల్ క్యారియర్ ఒళ్లో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. మనవడు మన్ననూర్‌లో హాస్టల్‌లో ఉంటాడంట, కోడికూర పట్టుకుపోతున్నాడు. మన్ననూర్ రాగానే లేచి "జర పట్టు బిడ్డా" అని క్యారియర్ నా చేతికిచ్చి దిగి మళ్లీ తీసుకున్నాడు. సీటు నాకొచ్చింది.

మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్ల పైమాటే. కారులో పోయినప్పుడు ఈ రోడ్డు మీద నేను చూసింది కోతుల్నే. బస్సులో అట్లా కాదు, వటవర్లపల్లి దగ్గర చెంచుల కుటుంబం ఒకటి దిగింది, బియ్యం సంచి, కొత్త ప్లాస్టిక్ బిందె, నిద్రపోతున్న పిల్లాడు, అన్నీ ఒక్కొక్కటిగా చేతులు మారుతూ డోర్ దాకా పోయాయి, కండక్టర్ సంచి దించి రైట్ అన్నాడు. అడవి మధ్యలో ఊళ్లకి సంత, ఆస్పత్రి, ఆఫీసు ఏదైనా ఈ రోడ్డు మీదకొచ్చే బస్సుతోనే అని అప్పుడు తట్టింది. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో మొదలుపెట్టిన ఈ ఆర్టీసీనే ఇప్పుడు ఇంత దూరం వచ్చింది.

దోమలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో సున్నిపెంటావిడ కళ్లు మూసుకుంది, అచ్చంపేట అక్క మాత్రం కిందికి డ్యామ్ చూస్తూ చెంపలేసుకుంది.

దర్శనం గురించి ఏం రాయను, లైన్ ఉంది, అయింది. అసలు టెన్షన్ తిరుగు ప్రయాణమే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా జంతువుల కోసం అడవి రోడ్డు మూసేస్తారు, కాబట్టి సాయంత్రం బస్సు మిస్సయితే ఇక కొండమీదే పడక. ప్రసాదం కవర్ పట్టుకొని ఉరికి ఎక్కా, అదే కండక్టర్, "వచ్చినవా అన్నా" అన్నాడు.

మన్ననూర్‌లో చీకట్లో చెయ్యెత్తింది ఎవరో కాదు, పొద్దుటి తాతే. క్యారియర్ ఇప్పుడు ఖాళీగా గలగలమంటోంది. నా పక్కనే కూర్చొని పై గిన్నె మూత తీసి చూపించాడు, అడుగున కోడిబొక్కలు.

"కడగలే చూడు పోరడు" అని నవ్విండు.